వెరిటీ కంచెలోని మూడు పొదలు

డెరిక్ నీలం చొక్కాకి భార్య గ్లెనిస్ ఇస్త్రీ చేస్తుంటే, అతను కిటికీలోంచి పక్కింటి కంచె వైపు చూస్తూ అన్నాడు: "ఏ మాటకామాటే చెప్పుకోవాలి, వెరిటీ చేతి చలవే వేరు. మే నెల రాగానే ఆవిడ తోటకి పసుప్పచ్చ సీతాకోకచిలుకలు వచ్చేశాయి."

ఇస్త్రీపెట్టె కాలరు మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగింది.

ఆ కంచెలోని మూడు బక్‌థార్న్ పొదలూ గ్లెనిస్ పెంచినవే. ఐదేళ్ళ కిందట అడవి అంచున పిట్టలకంటే ముందే నల్లటి పళ్ళు ఏరుకొచ్చి, గుజ్జు కడిగి, గింజల్ని తడి ఇసుకలో కలిపి, చలి తగిలితేనే మొలుస్తాయని చలికాలమంతా పెరట్లో ఉంచింది. "వంటింటి వెనక ఈ మట్టి గోలేమిటి? పువ్వా, వాసనా?" అని విసుక్కునేవాడు డెరిక్. చూడదగ్గ పువ్వు లేని మాట నిజమే. కానీ ఈ జాతి పొదల మీద తప్ప ఆ పసుప్పచ్చ సీతాకోకచిలుక గుడ్డు పెట్టదు. మొక్కలు నడుమెత్తు ఎదిగేదాకా ఆమె కాచుకుంది. కిందటేడు వాళ్ళక్క ఇంటికి వెళ్ళొచ్చేసరికి మూడు కుండీలు లేవు. "పాపం, వెరిటీ మొగుడు పోయిన మనిషి, ఊరికి కొత్త. ఇచ్చేశాను. నీకింకా బోలెడున్నాయిగా" అన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె కోసం ఒక్క గొయ్యి తవ్వని మనిషి, అక్కడ మూడు తవ్వి, నీళ్ళు కూడా పోసి వచ్చాడు. అప్పట్నుంచీ వెరిటీ నవ్వు వినబడితే చాలు, గ్లెనిస్‌కి ఒళ్ళంతా కారం రాసినట్టుండేది.

మధ్యాహ్నం తోటల సంఘం వాళ్ళు వెరిటీ తోట చూడడానికి వచ్చారు; డెరిక్, గ్లెనిస్ కూడా వెళ్ళారు. అందరూ టీ బల్ల దగ్గర ఉండగా గ్లెనిస్ పొద దగ్గరికి వెళ్ళి లేతాకు తిప్పి చూసింది. అడుగున ఒకే ఒక్క గుడ్డు, బియ్యపు నూకంత. గోటితో గీరేస్తే ఎవరికీ తెలియదు. గోరు అక్కడిదాకా వెళ్ళింది కూడా.

"మిమ్మల్నే అడుగుదామనుకుంటున్నా" అంది వెనకనుంచి వెరిటీ. "వీటిని గింజ నుంచి తనే పెంచానని డెరిక్ చెప్పాడు. గింజల్ని ఎన్నాళ్ళు చలిలో ఉంచాలని అడిగితే మాట మార్చేశాడు. మీకేమైనా తెలుసా?"

గ్లెనిస్ చెయ్యి ఆగిపోయింది. ఇంతకాలం ఎవర్ని చూసి ఉడికిపోయింది తను! మంట చల్లారలేదు. తోవ మార్చి డెరిక్ వైపు మళ్ళింది.

"గ్లెనిస్, టీ పోస్తావా? అందరూ ఎదురుచూస్తున్నారు" అని డెరిక్ పిలిచాడు.

"నువ్వే పోసెయ్ డెరిక్" అందామె, బల్ల దాకా వినబడేలా. "నా మొక్కల్ని నేనెలా పెంచానో ఈవిడ అడుగుతోంది."

బల్ల దగ్గర తలలన్నీ డెరిక్ వైపు తిరిగాయి. గ్లెనిస్ అటు చూడకుండా, ఆకుని మెల్లగా వదిలి, మొదటి చలికాలం నుంచి చెప్పడం మొదలుపెట్టింది.