దుప్పటి కింద చెయ్యి

ఏమోయ్, ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించడంలో నిన్ను మించినవాడు లేడని మీసం దువ్వుకుంటున్నావా? దర్జీ మావయ్య సంగతి విన్నాక దువ్వుకో, అప్పటికి దువ్వబుద్ధయితే.

పాతికేళ్ల కిందటి మాట. రేడియోలో పాటకి కుట్టుమిషన్ తాళం వేసే రోజులు. తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. మావయ్య మేనకోడలికి ఎనిమిదో నెల. కాళ్లు దిండ్లలా ఉబ్బాయి. బిడ్డ బొద్దుగా ఉందని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. తలనొప్పి అంటే ఎండ దెబ్బన్నారు.

మురవనిది సంచక్క ఒక్కతే. భుజాన సంచితో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్త.

"కళ్ల ముందు మెరుపుల్లా వస్తున్నాయా అమ్మా? ఇది బీపీలా ఉంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి, ఇద్దరికీ ముప్పు" అంది.

పిల్లకి ఆసుపత్రంటే హడలు. బీపీ చూడ్డానికి చెయ్యే ఇవ్వలేదు.

"మావయ్యా, రేపు మళ్లీ వస్తుందట. ఎలాగైనా తప్పించు" అని బతిమాలింది.

అలాంటి పని అప్పజెబితే మావయ్య ఆగుతాడా? మోచేతి దాకా చెయ్యి నున్నగా గొరుక్కుని, గాజులు తొడుక్కుని, ముసుగుతన్ని పిల్ల మంచమెక్కాడు. పిల్ల వంటింట్లో దాక్కుంది.

సంచక్క వచ్చింది. దుప్పట్లోంచి వచ్చిన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు చూసింది.

"నూట డెబ్భై" అంది మెల్లగా.

మావయ్య దుప్పటి విసిరేసి, "ఆ నూట డెబ్భై నాదే సంచక్కా" అని పకపకా నవ్వాడు. నవ్వు సగంలో ఉండగానే తనన్న మాటకి అర్థం తనకే తట్టింది.

"లేవకు తమ్ముడూ. ఆటో పిలుస్తా."

మావయ్యకి ముచ్చెమటలు పోశాయి. పిల్ల వంటింట్లోంచి ఏడుస్తూ వచ్చి, "మావయ్యని ఒంటరిగా పంపను, నేనూ వస్తా" అని ముందే ఆటో ఎక్కి కూర్చుంది.

ఆసుపత్రిలో నర్సు మొదట పిల్ల చెయ్యే పట్టుకుంది. చూసీ చూడగానే మంచం ఎక్కించి మందు మొదలుపెట్టారు. ఇంకో రెండ్రోజులు ఆగితే చేయి దాటిపోయేదని డాక్టరమ్మ అంది.

వసారాలో బల్ల మీద మావయ్య గుండె పట్టుకుని పడుకున్నాడు.

"సంచక్కా, నా సంగతి ఎవరూ చూడరేం?"

"ఏం చూడాలి? నీది నూట ఇరవయ్యే. సూది పొడుచుకున్న ఆ వేళ్లు ఎవరివో నాకు తెలీదా? తన కోసం రానిది, నీ కోసమైతే పరిగెత్తుకొస్తుందనే నూట డెబ్భై అని చెప్పా. ఇక ఆ గాజులు తియ్యి తమ్ముడూ, అందరూ చూస్తున్నారు."