రెండు వందల ఎనభై ఎనిమిదో ఎక్కం

పోయిన ఆగస్టు నాలుగో తేదీ, సోమవారం. ఆ పొద్దున్న పరదేశి ఇంట్లో తిన్నది చోడి అంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ, వేయించిన ఎండుమిరపకాయలు. అతనికి ఆ తేదీ ఎందుకు గుర్తుందంటే, భార్యను చూసి తను నవ్విన నవ్వు ఆ రోజుదే.

అప్పలకొండమ్మ అచ్యుతాపురంలో ఒక మందుల కంపెనీలో పెట్టెలు మోస్తుంది. యాభై దాటాక మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఈమధ్య చెకర్ సీటు ఒకటి ఖాళీ అయింది. స్టూలు మీద కూర్చుని చేసే పని. పెట్టెకు రెండు వందల ఎనభై ఎనిమిది స్ట్రిప్పుల చొప్పున, ఎన్ని పెట్టెలకు ఎన్నో అప్పటికప్పుడు చెప్పి, మెషిన్ చూపే అంకెతో సరిచూడాలి. లోపలికి ఫోను తీసుకెళ్ళనివ్వరు. శనివారం పరీక్ష.

"నానూ పేరిచ్చేను బావా," అంది.

"నువ్వా? ఓసి మట్టిబుర్రా! ఆరు ఇడ్లీలు ఏళ్ళ మీద లెక్కెడతావు, నీకు ఎక్కమేటే!" అని పరదేశి పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వేసింది.

అతను చెడ్డవాడు కాడు. బెల్లం మార్కెట్లో కాటా దగ్గర తూకాలు చెబుతాడు. ఆమెకు జ్వరమొస్తే వంట తనే చేస్తాడు. ఆ సాయంత్రమే క్యాలెండరు కాగితం వెనక ఎక్కం రాసిచ్చాడు. నాలుగో తరగతితో బడి మానేసిన కొండమ్మ బుధవారానికల్లా కంఠతా పట్టేసింది.

"ఏడు పెట్టెలకి?" అడిగాడు పరదేశి.

"రెండొందల ఎనభై ఎనిమిది... అయిదొందల డెబ్బై ఆరు... ఎనిమిదొందల అరవై నాలుగు..." అయిదో మెట్టు దగ్గర జారింది. మళ్ళీ మొదటినుంచి అందుకుంది. మళ్ళీ అక్కడే జారింది.

"నానడిగింది ఏడు! బజారుకెల్లాలంటే రోజూ పుట్టింటికాణ్ణించి బయల్దేరతావేటే మట్టిబుర్రా?"

ఈసారి ఆమె నవ్వలేదు.

"బళ్ళో మేష్టారూ అదే అన్నారు. మా అయ్యా అదే అన్నాడు. నువ్వు ముద్దుకే అంటావు, నాకు తెల్దా? కానీ లెక్కడగ్గానే ముందు ఆ మాటే ఇనబడతాది బావా. అంకె దాని ఎనకాల ఎక్కడో ఉండిపోతాది."

ముప్పై ఏళ్ళుగా ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో, ఆ లెక్క మాత్రం పరదేశికి అందలేదు.

క్యాలెండరు కాగితం పక్కన పెట్టి, "మీ కంపెనీ బస్సు ఎక్కడెక్కడ ఆగుతాది?" అన్నాడు.

"మొదట నానెక్కుతాను. పెట్రోలు బంకుకాడ బుల్లమ్మొదిన..."

"ఏడో స్టాపులో?"

"పావని. సెప్పులు సేత్తో పట్టుకుని పరిగెత్తుకొత్తాది."

"సూసేవా! మొదట్నించీ లెక్కెట్టకుండా సెప్పేసేవు. పావనికి రెండు వేల పదహారు ఇచ్చేయ్."

మర్నాడు బస్సులో ఆమె ఎక్కినవాళ్ళందరికీ అంకెలు పంచింది.

"రెండు వేల పదహారా? అంత లావయ్యేనా పిన్నీ!" అని పావని నడుము చూసుకుంది.

"దానికి రెండు వేలూ, నాకు అయిదొందల డెబ్బై ఆరేనేటి?" అని బుల్లమ్మ మూతి ముడిచింది. శుక్రవారం సాయంత్రానికి బస్సంతా ఎవరి అంకె వాళ్ళు అరిచి దిగుతున్నారు.

శనివారం ఇన్‌ఛార్జి దివ్య అడిగింది. "ఏడు పెట్టెలకి?"

కొండమ్మ కళ్ళముందు పావని పరిగెత్తుకొచ్చింది. "రెండు వేల పదహారు మేడమ్."

"పదకొండుకి?"

బస్సుకు స్టాపులు పదే. పాత మాట చెవిలో మోగబోయింది. కానీ మూడు రోజులుగా ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. ఆఖరి స్టాపు అంకె తలుచుకుని, దానికి తన అంకె కలుపుకుంది.

"మూడు వేల నూట అరవై ఎనిమిది."

సోమవారం నుంచి స్టూలు ఆమెది.

ఆ శనివారం సాయంత్రం కొండమ్మ సంగతంతా చెప్పి, పెందరాళే తిని, మోకాళ్ళకు నూనె రాసుకుని పడుకుంది. పరదేశి గుమ్మంలో కూర్చుని ఆలోచించాడు. ఎక్కం రాసివ్వడానికి అతనికి పది నిమిషాలే పట్టింది. అడ్డున్న మాట తియ్యడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. అమ్మలారా, అయ్యలారా, మన ఇళ్ళల్లోనూ ఇలాంటి ముద్దుపేర్లు ఉన్నాయి. అన్నవాళ్ళం నవ్వి మరిచిపోతాం. పడినవాళ్ళు నిజమని నమ్మేస్తారు. ఎవరికైనా చదువు చెప్పాలనుకుంటే, ముందు మనం వాళ్ళకు పెట్టిన ఆ పేరు తీసేయాలి.

పరదేశి లేచి, ఆమెకు మెలకువ రాకుండా తలుపు మెల్లగా దగ్గరకు వేశాడు.