ఎనిమిదీ నలభై తూటా

ఎనిమిదీ నలభై కాగానే ఆయుధాల గదిలో అందరూ ఎడమవైపుకి వంగుతారు. గుమాస్తా టీ గ్లాసుతో సహా వంగుతాడు. తూటా బల్ల మీంచి దూసుకుపోయి ఎదురు గోడలో దిగుతుంది, గోడలోంచి నెత్తురు కారుతుంది. ఊడ్చే ఆవిడ "రోజూ ఇదో చాకిరీ" అని గొణుక్కుంటూ తడిగుడ్డతో తుడుస్తుంది. పదకొండేళ్లుగా ఇదే వరస. కొత్తగా చేరినవాళ్లకి ఆ సెక్యూరిటీ కంపెనీలో మొట్టమొదట నేర్పేది వంగడమే.

ఆ తూటా పేల్చింది గది పెద్దాయనే. సెక్యూరిటీ గార్డులకి పిస్తోళ్లు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం ఆయన పని. పదకొండేళ్ల కిందట ఓ పొద్దున తూటాలుండే మ్యాగజైన్ లాగేసి, ఇంకేముంది, ఖాళీయే కదా అనుకుని ట్రిగ్గర్ నొక్కాడు. గొట్టంలో ఒక తూటా ఉండిపోయింది. బల్ల అవతల నవ్వుతూ నిలబడ్డ బావమరిది గొంతు చీలిపోయింది. ఆ నెత్తురు ఆయన పెదాల మీద పడింది. అప్పటినుంచీ భార్య ఆయనతో మాట్లాడదు. కంచం పెట్టి వెళ్లిపోతుంది.

నెత్తీనోరూ మొత్తుకున్నా వినకుండా కూతురు అదే కంపెనీలో గార్డుగా చేరింది. తన చేతికంటిన పాపం పిల్ల చేతికి అంటకుండా ఉంటే చాలు, ఆయనకి వేరే కోరిక లేదు.

ఓ పొద్దున డ్యూటీ మారిందని తెలిసి, అప్పుడే తీసుకున్న పిస్తోలు తిరిగివ్వడానికి వచ్చిందామె.

"మ్యాగజైన్ తీసేశాను నాన్నా. ఖాళీయే."

"స్లైడ్ వెనక్కి లాగి గొట్టంలోకి చూశావా?"

"అబ్బా, నీ చాదస్తం! నొక్కి చూపిస్తానుండు."

పిస్తోలు గుమాస్తా వైపు తిరిగి ఉంది. పెద్దాయన బల్ల మీదుగా చెయ్యి చాచాడు. టైము ఇంకా ఎనిమిదింబావే.

తూటా ముందే వచ్చేసింది. ఈసారి గోడలోంచి వచ్చి, ఆమె చూపుడువేలు తెంచుకుని పోయింది. వేలు టీ గ్లాసు పక్కన పడి ముడుచుకుంటోంది. పెద్దాయన పిస్తోలు అందుకుని గోడవైపు తిప్పి స్లైడ్ లాగాడు. తూటా ఒకటి బయటికొచ్చి నెత్తుట్లో దొర్లింది. దాన్ని చూసి కూతురు అరవడం ఆపేసింది.

ఆసుపత్రిలో భార్య కూతురి కట్టు తడిమి, మొగుడి వైపు తిరిగింది.

"మా తమ్ముడే ఆపాడండీ."

ఆయన వరండాలో గోడకి చేరగిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు ఎనిమిదీ నలభైకి అలవాటు కొద్దీ అందరూ వంగారు. ఏమీ రాలేదు. ఊడ్చే ఆవిడ తడిగుడ్డ పట్టుకుని కాసేపు నిలబడి, వెళ్లిపోయింది.

ఇప్పుడు కొత్త గార్డులకి పాఠం చెప్పేది కూతురే. "గొట్టం మనుషుల్లేని వైపు తిప్పండి. మ్యాగజైన్ తీయండి. స్లైడ్ లాగి కళ్లతో చూడండి, ఆపైన వేలు పెట్టి తడమండి" అంటుంది. తను మాత్రం ఎడమచేతి వేలు పెట్టి చూపిస్తుంది.