నా మీద ఆరో పేరు

నేను ఒక తొడ ఎముకను. కుడికాలిది. ఎవరి కుడికాలని మాత్రం అడక్కండి, ఆ సంగతి నాకే తెలీదు. నడిచింది గుర్తుంది, ఎవరినో ఎత్తుకుని మెట్లెక్కింది గుర్తుంది. పేరు ఒక్కటే గుర్తులేదు.

నా కోసం ఎవరూ రాకపోతే వైద్య కళాశాలకు ఇచ్చేశారు. అక్కడ నన్ను ఉడకబెట్టి, కడిగి, ఆరబెట్టి చదువుకునే వస్తువును చేశారు. కండరాలు అతుక్కునే చోటల్లా ఎర్రసిరా, నీలిసిరా పూశారు. మొదటి ఏడాది గట్టెక్కిన సీనియరు తన ఎముకల పెట్టెను జూనియరుకు ఇవ్వడం ఆ కాలేజీ ఆనవాయితీ. జూనియరు మొదటి అనాటమీ క్లాసు అయ్యాకే నా మీద పేరు రాసుకోవాలి. అలా ఐదు పేర్లు మోశాను. ఆ మహానుభావులు నాతో వీపు గోక్కున్నారు, నన్ను తలకింద పెట్టుకుని కునికారు, పరీక్ష రోజు మాత్రం దణ్ణం పెట్టారు. ఏం మనుషులో!

ఐదో పేరు అనసూయది. ఆవిడ నన్నెవరికీ ఇవ్వకుండా నరసరావుపేట తెచ్చుకుంది, అక్కడే పిల్లల డాక్టరుగా స్థిరపడింది. తమ్ముడి కూతురు లోహిత నీట్ రాసొచ్చిన సాయంత్రం, ఫలితం రాకముందే, నన్ను ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"రాయవే నీ పేరు. సీటు వచ్చేసినట్టే!"

పిల్ల మురిసిపోతూ రాసింది, డాక్టర్ లోహిత అని.

సీటు రాలేదు. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరి మళ్ళీ రాసింది. మళ్ళీ రాలేదు. ఎముకలున్న ఇంట్లో దయ్యాలు తిరుగుతాయంటారు. ఆ ఇంట్లో తిరిగింది నేను కాదండీ, ఆ పేరు. లోహిత నన్ను బోర్లా తిప్పి పెట్టేది. పెట్టె మీద దుప్పటి కప్పేది. కాసేపటికి తనే దుప్పటి తీసి చూసేది. ఆ వేళ్ళ చెమట తగిలినప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది. ఏడవడానికి కళ్ళేవీ?

ఒకరోజు లోహిత తండ్రి బ్రహ్మయ్య కాయితాలతో వచ్చాడు. "అమ్మా, కిర్గిజిస్థాన్‌లో సీటుందంట. సోమవారంలోగా చెప్పాలంట."

అనసూయ అక్కడే ఉంది. "వద్దురా. అక్కడ చదివొచ్చినా ఇక్కడ ఇంకో పరీక్ష పాసవ్వాల. అది దాటలేక ఆగిపోయినోళ్ళను నేను చూడలా? ఇంకొక్కసారి రాయనీ."

"ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని పిల్ల సగమైందక్కా. అన్నం కూడా భయపడతానే తింటంది."

"పేరు కూడా రాసుకుంది కదరా దానిమీద!"

ఆ మాటకు లోహిత లేచి, పెట్టెలోంచి నన్ను తీసింది.

"అత్తా, రెండోసారి నేను డాక్టరవ్వాలని రాయలేదు. ఈ పేరు అబద్ధం కాకూడదని రాశా. పరీక్ష హాల్లో ప్రశ్నలు కాదు, ఇదే కనపడింది. అక్కడి మనుషులకీ ఈ ఎముకే ఉంటది కదా? పోతాను. తిరిగొచ్చాక తప్పితే అప్పుడేడుస్తా."

తప్పు తనదేనని అనసూయకు అప్పటికి తెలిసినట్టుంది. తనే లోపలికెళ్ళి స్పిరిట్, దూది తెచ్చిచ్చింది. లోహిత రుద్దింది. పేరు నీలంగా చెదిరి, పలచబడి, పోయింది. ఖాళీ అయిన ఆ చోటును బొటనవేలితో తడిమి, నాతోనే అంది.

"ఇక్కడ నీ పేరుండాలి. ఇంతకీ నువ్వెవరు?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని మాట అది.

లోహిత నన్ను మళ్ళీ అత్తకే ఇచ్చి వెళ్ళి నాలుగేళ్ళయింది. చేసింది మంచిపనో కాదో నాకు తెలీదు. నేను మాత్రం అనసూయ బీరువాలో పడుకుని, ఒక్కో పేరూ అనుకుని చూస్తున్నాను. మస్తానా? కోటమ్మా? ఏసోబా? ఏదీ నాది అనిపించడం లేదు. ఆ పిల్ల తన పరీక్ష తను రాసుకుంటుంది. తిరిగొచ్చి మళ్ళీ అదే అడిగితే, నేనేం చెప్పను?