ఎనిమిదో నిమిషం

స్కూలు బస్సు ఇక్కడ ఒమాన్‌లో, మబేలాలో మా బిల్డింగు ముందుకు వచ్చేది ఒంటిగంటన్నరకు. పది నిమిషాల ముందే కిందికి దిగి షాపుల నీడలో నిలబడతాను. నా కూతురు నాదియా దిగగానే బ్యాగు ఒక భుజానికి తగిలించుకుని, దాన్ని చంకనెత్తుకుంటాను. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తొమ్మిదేళ్ల పిల్ల కాళ్లు నా మోకాళ్లకు తగులుతుంటాయి. రెండో అంతస్తులో ఉండే రుబీనా తలుపు తీసి చూసి, "ఇంకెన్నాళ్లు మోస్తావు తహ్సీన్, నడుము పోతాది" అంటుంది. నవ్వి ఊరుకుంటాను. పైకెక్కేసరికి నాకు ఆయాసం, దానికి లేదు. అదే నాకు పెద్ద నిశ్చింత.

నాదియా పుట్టినప్పుడు ఏడిస్తే పెదాలు నీలంగా మారేవి. గుండె కింది గదుల మధ్య రంధ్రం ఉందని, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకుగా ఉందని చెప్పారు. కడపలో నేను తొమ్మిది, పది తరగతులకు సైన్సు చెప్పేదాన్ని. ఆ నాలుగు గదుల బొమ్మను పుస్తకం చూడకుండా బోర్డు మీద గీసేదాన్ని. అంత తెలిసిన నేనే, మా అత్త జమీలా "మా ఇంట్లో ఇట్లాంటి గుండె ఎవ్వరికీ లేదు, గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకున్న్యావేమో" అన్నప్పుడు, నిజంగానే ఆ రోజు ఏం చేశానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పిల్లకు పదకొండో నెలలో హైదరాబాదులో ఆపరేషన్ అయింది. మావారు అనీస్ ఒమాన్ నుంచి పన్నెండు రోజుల సెలవు మీద వచ్చి వెళ్లారు. డిశ్చార్జి రోజు డాక్టరు, "మామూలు పిల్లలాగే పెంచండమ్మా" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. నా చెవికీ ఎక్కలేదు.

మేమూ ఒమాన్ వచ్చేశాక, నాదియాకు ఐదేళ్లప్పుడు ఒక శుక్రవారం సీబ్ బీచిలో పిల్లలతో కలిసి పరుగెత్తింది. రెండు రోజుల తర్వాత జ్వరం వచ్చింది. ఆ క్లాసులో సగం మందికి వచ్చిన జ్వరమే అది. అనీస్ కేకలు వేయలేదు, ఆయన కేకలు వేసే మనిషి కాదు. చాలా నెమ్మదిగా, "ఇంట్లో నీకుండేది ఒకటే పని, దాన్ని చూసుకునేది. అదీ చేతకాదా?" అన్నారు. పొద్దున ఆరింటికి లేచి, ఆయన రెండు పూటల డ్యూటీకి రెండుసార్లు చొక్కా ఇస్త్రీ చేసి, వండి, తోమి, పిల్లకు స్నానం చేయించి, బూట్లు కూడా నేనే తొడిగి, నా ఉద్యోగాన్ని మరిచిపోయి, చివరికి నేను చేసేది ఒకటే పని. ఆ ఒక్కదాంట్లోనైనా తప్పు పట్టనివ్వకూడదనుకున్నాను. ఆ రోజు నుంచి నాదియా పరుగెత్తలేదు. ఆటల పీరియడ్ వద్దని ఏటా స్కూలుకు అనీస్ లెటరు రాసిచ్చేవారు. మిగతా పిల్లలు గ్రౌండులో ఉంటే ఇది లైబ్రరీలో ఒంటరిగా బొమ్మలు గీసేది. ఆ బొమ్మల్ని నేను మెచ్చుకునేదాన్ని.

ఈ అక్టోబరులో, ఏడాదికోసారి జరిగే చెకప్‌లో, కొత్త డాక్టరు ఉంది. పేరు రహ్మా. బలూచీ కుటుంబం, మాతో ఉర్దూలోనే మాట్లాడింది. స్కానింగు చూసి, "వాల్వు కొంచెం లీకవుతోంది, ఈ ఆపరేషన్ అయిన పిల్లల్లో ఉండేదే. కానీ పడుకోబెట్టి చూస్తే సగమే తెలుస్తుంది. సైకిలు తొక్కించి చూద్దాం" అంది.

"సైకిలా? నా బిడ్డ మెట్లు కూడా ఎక్కదు డాక్టర్!"

"ఎక్కలేదా, ఎక్కనివ్వలేదా?"

నేను వంగి నాదియా బూటు లేసు మళ్లీ ముడివేశాను.

పరీక్ష గదిలో కదలని సైకిలు ఉంది. నాదియా ఛాతీకి వైర్లు అంటించారు, ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టారు. మలయాళీ టెక్నీషియన్ ఒకామె పక్కన నిలబడి, "బాగా తొక్కు మోళే, అలసిపోతే చెయ్యెత్తు" అని తన భాషలో కూతురిని పిలిచినట్టే పిలిచి చెప్పింది. మొదటి నిమిషాలు బాగానే గడిచాయి. తర్వాత పెడల్ బరువెక్కింది. నాదియా ముఖం కందింది, నుదుట చెమట పట్టింది. నా బిడ్డకు ఎండ వల్ల కాకుండా తన కష్టం వల్ల చెమట పట్టడం నేను చూసింది అదే మొదటిసారి. "చాల్లే నాన్నా, ఆపెయ్" అన్నాను. మళ్లీ అన్నాను. మూడోసారి అనేసరికి టెక్నీషియన్ మెల్లగా నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, మీరు కాసేపు బయట ఉండండి. డాక్టరు లోపలే ఉంది కదా" అంది.

నన్ను బయటికి పంపేశారు. ఆ ఆపరేషన్ తర్వాత నేను లేకుండా దాని గుండెను ఎవరూ చూడలేదు. తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. కళ్ల నుంచి నీళ్లు కారుతున్న సంగతి నాకు తెలియలేదు. లోపల నాదియా తల వంచి తొక్కుతోంది. ఒకసారి తలెత్తి తలుపు వైపు చూసింది. వెంటనే చెయ్యెత్తింది.

డాక్టర్ రహ్మా కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. "తన వయసు పిల్లలతో పోలిస్తే శ్రమకు ఓర్చుకునే శక్తి అరవై ఐదు శాతం. గుండె లయ తప్పలేదు, ఆక్సిజన్ పడిపోలేదు. ఈ లోటులో గుండె వాటా కొంతే. మిగిలింది కాళ్లకు పని లేకపోవడం వల్ల. ఇంకా తొక్కగలిగేదే, కానీ ఎనిమిదో నిమిషంలో ఆపేసింది." నాదియా వైపు తిరిగింది. "కాళ్లు నొప్పెట్టాయా బేటీ? ఛాతీలో నొప్పా? కళ్లు తిరిగాయా?"

నాదియా అన్నింటికీ తల అడ్డంగా ఊపింది.

"మరెందుకు ఆపావు?"

"అమ్మీ ఏడుస్తా ఉన్నింది" అంది నా బిడ్డ.

నేను దాన్ని మోస్తున్నాననుకున్నాను. నా భయాన్ని అది ఇన్నేళ్లుగా మోస్తూ వచ్చింది.

డాక్టరు నన్ను ఒక్క మాట అనలేదు. ఏం చేయాలో చెప్పింది: రోజూ నడక, పరుగు, ఆటలు; అలసిపోతే అదే ఆగుతుంది, ఆగనివ్వాలి; ఛాతీ నొప్పి వచ్చినా కళ్లు తిరిగినా వెంటనే రావాలి. "మీరు బాగా చూసుకున్నారు" అని కూడా అంది. ఆ మాట నాతో అన్న మొదటి మనిషి ఆమే.

ఆ మధ్యాహ్నం నాదియా తన కాళ్లతో మెట్లెక్కింది. రుబీనా గుమ్మం దగ్గర ఆగి మంచినీళ్లు తాగింది.

అనీస్ భోజనానికి వచ్చారు. అన్నం వడ్డిస్తూ అంతా చెప్పాను. ఆయన ముద్ద కలుపుతూ విన్నారు.

"డాక్టర్లకేం, అట్లనే చెప్తారు. రేపు ఏమన్నా అయితే?"

"ఆటలకు వద్దని ఇచ్చిన లెటరు ఈ ఏడు వెనక్కి తీసుకుంటాను."

"నాకు భయం తహ్సీన్" అన్నారు. అంత పచ్చిగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు. వెంటనే ఎప్పటి గొంతు వచ్చేసింది. "సరే, చేస్కో. కానీ ఏమన్నా జరిగితే బాధ్యత నీదే."

"ఎప్పుడు నాది కాలేదు జీ?" అన్నాను. "తొమ్మిదేళ్లుగా బాధ్యత నాది, మాట మీదీ మీ అమ్మదీ. బాధ్యత నాదే అయినప్పుడు ఇంక మాట కూడా నాదే."

ఆయన చాలాసేపు కంచంలోకి చూశారు. తర్వాత, "సాయంత్రం పార్కుకు పోయేటట్టుంటే నీళ్ల బాటిల్ తీసకపో" అన్నారు. ఆయనకు చేతనైన ఒప్పుకోలు అది.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత పార్కులో ఎండ తగ్గింది. నాదియా మొదట నడిచింది. తర్వాత నా చెయ్యి విడిపించుకుని ట్రాకు మీద పరుగు మొదలుపెట్టింది. దాని వెనకే నేనూ, బురఖా రెండు చేతులతో పైకి పట్టుకుని. కాలేజీ రోజుల తర్వాత నేను పరుగెత్తడం ఇదే. సగం చుట్టు కాగానే అది ఆగిపోయి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని భయంగా చూసింది.

"అమ్మీ, గట్టిగా కొట్టుకుంటా ఉంది!"

నేను మోకాళ్ల మీద కూలబడి దాని చెవిని నా గుండెకు ఆనించుకున్నాను. అది కాసేపు శ్రద్ధగా విన్నది.

"నీది నా దానికంటే గట్టిగా కొట్టుకుంటాంది" అంది ఆశ్చర్యంగా. "పరుగెత్తితే అందరికీ ఇట్లనేనా?"

"అందరికీ ఇట్లనే."

అది పక్కున నవ్వింది. "అయితే నేనింగా పోతా" అని ట్రాకు మీదికి పరుగెత్తింది. ఎంత దూరం అని నేను అడగలేదు.