కుడివైపు పతకాలు

ఆర్చీ లోగన్ యుద్ధాలన్నీ పరాయివాళ్ల కోసమే చేశాడు. కుర్రతనంలో సొంత దేశపు సైన్యంలో చేరబోతే, ఒక చెవి సరిగా వినిపించదని వెనక్కి పంపేశారు. రోషం పొడుచుకొచ్చి ఫ్రాన్స్ వెళ్లి, ఏ దేశంవాళ్లనైనా చేర్చుకునే ఫారిన్ లీజియన్‌లో చేరిపోయాడు. వాళ్లు చెవి సంగతి పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ల తరఫున చాద్ ఎడారిలో తుపాకీ పట్టాడు. ఆ తర్వాత ఒమన్ సుల్తాన్ సైన్యంలో, కొండల్లో. మూడోది ఆఫ్రికాలోనే ఇంకెక్కడో. ఆ దేశం పేరు మాత్రం ఎవరడిగినా చెప్పడు.

"అక్కడ పతకాలివ్వలేదు. ఇవ్వాల్సిన పనులూ మేం చేయలేదు" అని మాట మార్చేస్తాడు.

ఇప్పుడు గ్లాస్గో పక్కన, తను పుట్టిన చిన్న ఊళ్లోనే, కేర్ హోమ్‌లో వీల్‌చైర్‌కి అతుక్కుపోయాడు. ముసలితనంలో తిరిగొచ్చాడు కాబట్టి ఊళ్లో ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ మిగల్లేదు. ఆయన్ని చూసుకునే భావనది జగిత్యాల. గ్లాస్గోలో మాస్టర్స్ చదువుతూ, ఆ హోమ్‌లో దొరికిన షిఫ్టులు చేస్తుంటుంది. హోమ్‌లో అందరూ ఆయన్ని ఆర్చీ అనే పిలుస్తారు. తాత వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక ఆమె ఆర్చీ అంకుల్ అంటుంది.

భావన తండ్రి రామలింగయ్య సగం జీవితం మస్కట్‌లో సిమెంటు మోశాడు. అక్కడున్నన్నాళ్లూ ఆయన ఇండియావాడు. ఇంటికొచ్చాక ఊరందరికీ మస్కట్ రామలింగయ్య. అందుకే ఆర్చీ బాధ భావనకి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ బాధ ఒక్కటే. నవంబరులో ఒక ఆదివారం, ఊరి మధ్య స్మారక స్తంభం దగ్గర, యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకుంటారు. మాజీ సైనికులంతా పతకాలు పెట్టుకుని ముందు వరుసలో ఉంటారు. చచ్చేలోగా ఒక్కసారి ఆ వరుసలో ఉండాలి, సొంత ఊరు తనని సైనికుడిగా చూడాలి. పోయిన ఏడు పతకాలు పెట్టుకుని, భావనని తోడు తీసుకుని వెళ్తే, కమిటీ పెద్దమనిషి అందరి ముందూ ఆపేశాడు.

"ఇవి మన దేశం ఇచ్చినవి కావు. కిరాయికి చేసిన యుద్ధాలకి ఈ వరుసలో చోటు లేదు. తాడు అవతల ఉండండి."

తాడు అవతల ఫోన్లు ఎత్తి పట్టుకున్నవాళ్లూ, కుక్కల్ని తీసుకొచ్చినవాళ్లూ ఉన్నారు. ఆర్చీ వాళ్ల మధ్య నుంచే చూశాడు. ఎవరి దేశం కోసం చస్తే ఏంటట, చచ్చినవాడికి నొప్పి ఒకటి కాదా? ఈ మాట భావన అనుకున్నదే గానీ పెద్దమనిషితో అనలేకపోయింది. పరాయి దేశంలో వీసా మీద బతికే పిల్లకి కోపం కూడా గొంతు దాటదు.

ఈ ఏడు పతకాలు వద్దన్నాడు ఆర్చీ. ఊరికే చూసొద్దామన్నాడు. భావనకి ఒళ్లు మండింది. ఆయనకి తెలియకుండా పతకాలు బయటికి తీసింది. పోయిన ఏడు ఆయన వాటిని ఎటువైపు పెట్టుకున్నాడో గుర్తు రాక, ఇంటికి ఫోన్ చేసింది.

"కోటుకు ఎటు దిక్కు పెట్టాలె బాపూ?"

"గౌరవంది గద బిడ్డా, ఎడమ దిక్కు ఎట్ల పెడ్తరు? ఏదిచ్చినా కుడి చేత్తోనే ఇస్తం. ఇంట్ల అడుగు పెట్టినా కుడి కాలే పెడ్తం. కుడి దిక్కే పెట్టు."

అడగాల్సిన మనిషి పక్క గదిలోనే ఉన్నాడు. చెప్పకుండా చేసి సంతోషపెట్టాలన్న తొందరలో ఆమె అడగలేదు. కోటు కుడి రొమ్ము మీద పతకాలు గుచ్చి, ఆయనకి తొడిగేటప్పుడు పైన రెయిన్‌కోటు కప్పేసింది. దారిలో అవి గలగలమంటుంటే ఆర్చీకి అర్థమైంది. "మాట వినవు కదా, పిల్లా" అన్నాడు. కానీ తియ్యమనలేదు.

తాడు దగ్గర ఈసారి కొత్త మనిషి ఉన్నాడు. చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. భావన రెయిన్‌కోటు తీసింది. అతని చూపు పతకాల మీద పడగానే టోపీ తీశాడు.

"ఎవరివి సర్? నాన్నగారివా?"

ఆర్చీ తల వంచి తన రొమ్ము చూసుకున్నాడు. ఆ దేశంలో ఎవరి పతకాలు వాళ్లు ఎడమవైపు పెట్టుకుంటారు. కుడివైపు పెట్టుకునేవి చచ్చిపోయిన బంధువులవి. ఆ సంగతి భావనకి తెలియదు. ఆర్చీకి తెలుసు.

నావే అంటే మళ్లీ తాడు అవతలికే.

"మా అన్నవి" అన్నాడు చివరికి. "పరాయి దేశంలో పోయాడు."

"రండి సర్, మీ చోటు ముందు వరుసలోనే. ఆయన పేరు కూడా చదివిస్తాం. ఏమని చెప్పమంటారు?"

"ఆర్చీ లోగన్."

భావన ఉలిక్కిపడి ఏదో అనబోయింది. ఆర్చీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కాడు.

పోయినవాళ్ల పేర్లు చదివారు. చివర్న ఆ పేరు కూడా మైకులో వినిపించింది. ఊరంతా తల వంచింది. పోయిన ఏడు తాడు అవతలికి తోసిన పెద్దమనిషి కూడా, ఎవరి పేరో గుర్తుపట్టకుండానే, తల వంచాడు. ఆర్చీ ఒక్కడే తల ఎత్తి, తన కోసం మౌనం పాటిస్తున్న ఊరిని ఆ మొహం నుంచి ఈ మొహం దాకా చూశాడు. భావనకి ఏడుపొచ్చింది.

ముందు వరుసలో మాజీ సైనికులందరి పతకాలూ ఎడమవైపే ఉండటం ఆమె అప్పటికి గమనించింది. అయిపోయాక జనం పలచబడుతుంటే, ఆమె వీల్‌చైర్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"తప్పు చేసిన అంకుల్. ఎడమకు మారుస్త. అందరికీ చెప్త, మీవేనని."

"ముట్టుకోకు" అన్నాడు ఆర్చీ. "నేను బతికుండగా ఈ ఊరు నాకేమీ ఇవ్వలేదు. ఇవ్వాళ ఇచ్చింది కదా."

చేతికర్ర పట్టుకుని ఒక ముసలావిడ వాళ్ల దగ్గర ఆగింది. పతకాలను వేలి చివర్లతో ముట్టుకుని కళ్లు తుడుచుకుంది.

"మహానుభావుడు మీ అన్న" అంది. తర్వాత ఆర్చీని పైనుంచి కింద దాకా చూసింది. "మరి మీరు? మీరు వెళ్లలేదా యుద్ధానికి?"

ఆర్చీ భావన వైపు చూడలేదు.

"లేదమ్మా" అన్నాడు. "నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను."