తవుడు ఖరీదు

ఆ మధ్యాహ్నానికి నగరేశ్వరరావు చేతిలో గోడౌను నిండా గోగునార ఉంది, నార మోసే కలాసీలు పన్నెండుమంది ఉన్నారు, కలకత్తా బేరం ఉంది. మబ్బు కమ్ముకొస్తోంది. సరిగ్గా అప్పుడే కలాసీల్లో గట్టివాడు చిన్నతవుడు బరువు దించి తలగుడ్డ విప్పాడు.

"వొచ్చే నెల నుంచి నానుండను సావుకారు. రైల్వే గ్యాంగులో పని దొరికినాది. నా మీద కేసులేవీ నేవని ఠాణా నుంచి కాయితం ఎల్తే సాలంట."

"వెళ్లరా, వెళ్లు. పట్టాలు మోస్తే పరమాన్నం పెడతారు."

"పరమాన్నం ఒద్దు బాబూ. నెలకి నూరు పైసిలుకు సాలు. నీకాడ రోజుకి రెండు రూపాయలకి నడుం ఇరగ్గొట్టుకుంతన్నాను."

కలాసీలు పకపకా నవ్వారు. ఆ నవ్వే నగరేశ్వరరావుకి గుచ్చుకుంది. ఒకడు పోతే ఇంకొకణ్ణి తెచ్చుకోవచ్చు. కానీ వీడు వెళ్లి బాగుపడ్డాడంటే మిగతావాళ్లు రేపే కూలి పెంచమంటారు. గొడుగు తీసుకుని ఠాణాకి నడిచాడు.

రైటరు జగన్నాధం పాత కేసుల రిజిస్టర్లు ముందేసుకుని ఆవులిస్తున్నాడు. చిన్నతవుడి పేరున ఏదో ఒక కేసు కావాలంటూ బల్లమీద పాతిక రూపాయలు పడేసరికి వెతుకులాటకి ఊపొచ్చింది.

"దొరికింది. తవుడు, తండ్రి గంగులు. రాగిచోళ్ల గంప దొంగతనం, మూడు నెలల జైలు. కానీ ఇది యాభై అయిదు నాటి కేసండీ. పదమూడేళ్లయింది. అప్పటికి మీవాడు గోచీ పిల్లాడు కదా?"

"పేరు కుదిరింది, తండ్రి పేరు కుదిరింది, ఊరు కుదిరింది. వయసెవడడిగాడు?"

జగన్నాధం నవ్వాడు. ఆ పల్లెల్లో బిడ్డలు పురిట్లోనే పోతూ ఉంటే, తర్వాత పుట్టినవాణ్ణి తల్లి చేటెడు తవుడికి పొరుగామెకి అమ్మి, మళ్లీ తెచ్చుకుంటుంది. ఖరీదు లేని బిడ్డని చావు ముట్టదని ఆశ. అలా బతికినవాళ్లంతా తవుళ్లే, తవిటమ్మలే. ఒక్క వీధిలోనే నలుగురుంటారు, గంగుళ్లూ అంతే.

"వీడే వాడని ఆ ఊరివాడొకడు వేలిముద్ర వెయ్యాలి మరి," అన్నాడు రైటరు.

మనిషి కోసం నగరేశ్వరరావు ఆట్టే ఆలోచించలేదు. గోడౌనులో నారపీచు ఊడ్చే పెద్దతవుడిది ఆ ఊరే. తను పోసే అంబలితో బతుకుతున్న ముసలాడు. కబురు పెడితే చేతిలో చీపురుతోనే వచ్చాడు. రైటరు కేసు చదివి, చిన్నతవుడే ఆ దొంగ అని ముద్ర వెయ్యమన్నాడు.

ముసలాడు తల అడ్డంగా ఊపాడు.

"ఆడు కాదు బాబూ. ఆ సోళ్ల గంప ఎత్తినోణ్ణి నాను. ఇంట్లో గంజి నేక మా ఆడది పడిపోనాది. జైలుకెల్లింది నానే."

రైటరు కలం ఆగిపోయింది. నగరేశ్వరరావు తడబాటు మాత్రం ఒక్క క్షణమే.

"నువ్వయితే ఏమయిందిరా? ఎవడికి తెలుసు? ముద్ర వెయ్యి. రేపట్నుంచి అంబలి కాదు, అన్నమే పెడతాను."

"నన్ను మా యమ్మ తవుడికి అమ్మినాది, బతకాలని. ఆ గుంటణ్ణి నువ్వు అన్నానికి అమ్మీమంతన్నావు. నా తప్పుకి నా జైలు నాను తినీసినాను సావుకారు. దాన్ని మరొకడి నెత్తినెట్టను."

"నా తిండి తిని, నాకే చెప్తావురా!"

నగరేశ్వరరావు ముసలాడి మణికట్టు పట్టి, బొటనవేలు సిరా దిండుకి అదిమి, కాగితం మీదకి లాగాడు. ముసలాడు పిడికిలి బిగించాడు.

"ఒగ్గీయ్!"

ఇన్నేళ్లలో ఆ గొంతు అంత పైకి లేవడం నగరేశ్వరరావు వినలేదు. పట్టు సడలింది. ముసలాడు అతని గుండెలమీద చెయ్యి ఆన్చి ఒక్క తోపు తోసి, చీపురు బల్లమీద పడేసి, వానలోకి వెళ్లిపోయాడు.

జగన్నాధం పాతికని జేబులో పెట్టుకున్నాడు. కాగితం తెల్లగానే ఉంది. దానిమీద ఏం రాయాలో తేల్చుకోలేనట్టు కలం పళ్లమధ్య పెట్టుకుని, సావుకారు లాల్చీ కేసి చూశాడు.

నగరేశ్వరరావు తలవంచి చూసుకున్నాడు. ఇస్త్రీ లాల్చీ మీద, గుండెకి ఎడమగా, గీత గీతా తెలిసేలా నల్లటి వేలిముద్ర. ఆ బేరంలో అతనికి ముట్టింది అదొక్కటే.